యజమాని ఒక్కడే: సొంత పేరున స్థలముల వ్యాపారము

‘యజమాని’ అను మాట సంస్కృతమున యజ్ఞము చేయువానికి పేరు. మంత్రములు చదువువారు ఋత్విక్కులు. ద్రవ్యము సమకూర్చువారు వేరొకరు కావచ్చును. అయినను ఫలము యజమానిదే, లోపము జరిగినచో దోషమును యజమానిదే. మన శరణులు యజ్ఞకర్మను ఒల్లలేదు గాని మాట మాత్రము మన ఇండ్లలోను అంగళ్లలోను నిలిచిపోయినది. ఇంటి యజమాని, కొట్టు యజమాని, స్థలము యజమాని అని దినమునకు పదిమారులందుము. ఈ పాఠమున విచారింపబూనినది ఆ మూడవవానిని గూర్చి. అనగా భాగస్వాములను చేర్చుకొనక, కంపెనీని స్థాపింపక, తానొక్కడే తన సొంత పూచీమీద భూములను, ఇండ్ల స్థలములను కొని అమ్మువానిని గూర్చి.

పట్టణముల చుట్టును రహదారులు పెరిగిన కొలదియు మనవారిలో ఇట్టివారి సంఖ్యయు పెరిగినది. బట్టల కొట్టు నడుపువారు, కిరాణా వర్తకులు, పదవీ విరమణ సొమ్ము చేతికి వచ్చిన ఉద్యోగులు ‘రియల్ ఎస్టేటు’ అని దీనిలో దిగుచున్నారు. దిగుట తప్పని నేననను. దిగినవాడు చట్టము దృష్టిలో ఎవ్వడో తెలిసికొని దిగవలెనని మాత్రము నా మనవి.

తెలుగు పండితునికి ఊరిలో జీతములేని రెండవ ఉద్యోగ మొకటి యుండును. దస్తావేజులు, పహాణీలు, కోర్టు సమనులు చదివి అర్థము చెప్పుట ఆ ఉద్యోగము. 2015లో ఒక సాయంకాలము నా పూర్వ విద్యార్థి యొకడు సమను పట్టుకొని వచ్చెను. వాని తండ్రి బట్టల వర్తకుడు; మాట తప్పని మనిషి. 2012లో ఊరి వెలుపల నాలుగు ఎకరములు సంపాదించి, స్థలములుగా విభజించి, ఒక వ్యాపారనామముతో బోర్డు కట్టించెను. రసీదు పుస్తకములు, రబ్బరు ముద్ర, బ్యాంకులో కరెంటు ఖాతా అన్నియు ఆ పేరుననే. కొన్న నాలుగు ఎకరములలో మూడు ఎకరముల పది గుంటలకు రిజిస్టరైన దస్తావేజు కలదు. మిగిలిన ముప్పది గుంటలకు సాదాబైనామా మాత్రమే. ఆ ముప్పది గుంటలలో బాటలు పోగా పదునొకండు స్థలములు వచ్చినవి. ఒక్కొక్కటి 200 గజములు. ఒక్కొక్కదానికి మూడు లక్షల రూపాయలు పుచ్చుకొని కరారు వ్రాసి యిచ్చెను. కొన్నవారు రిజిస్ట్రేషనుకై వెళ్లగా అది పూర్వము భూమిలేని పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూమి యనియు, నిషేధిత జాబితాలో నున్నదనియు చెప్పి కార్యాలయమువారు నిరాకరించిరి. 1977 నాటి 9వ చట్టము ప్రకారము అట్టి భూమిని అమ్ముట చెల్లదు. పదునొకండుగురును కలిసి ముప్పదిమూడు లక్షలకు, వడ్డీకి దావా వేసిరి.

“గురువుగారూ, దావా సంస్థ పేరున వేసినారు గదా! నాన్నగారి పేరు క్రింద చిన్నదిగా ‘యజమాని’ అని యున్నది. సంస్థ మూసివేసినచో మా యింటి జోలికి రారు గదా?” అని వాడడిగెను.

నాకు ఆ క్షణమున సరియైన సమాధానము తెలియలేదు. మరునాడు వానితో కలసి న్యాయవాది యొద్దకు వెళ్లి తెలిసికొంటిని. ఆనాడు మొదలు చదివి తెలిసికొన్నదే ఈ పాఠము.

మన దేశమున ఏక యజమాని వ్యాపారమునకు ప్రత్యేకముగా ఒక చట్టము లేదు. బోర్డు కట్టినంతమాత్రమున కొత్త వ్యక్తి పుట్టడు. దుకాణముల చట్టము క్రింద తీసికొను పత్రము గాని, ఉద్యమ్ నమోదు గాని, జీ.ఎస్.టి. సంఖ్య గాని వ్యాపారమును గుర్తించునే తప్ప దానికి వేరు ప్రాణము పోయవు. ఆదాయపు పన్నువారి పాన్ సంఖ్య యజమానిదే, వ్యాపారమునకు వేరుగా నుండదు. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడులో 30వ ఆర్డరు, 10వ నియమము ప్రకారము మారుపేరుతో వ్యాపారము చేయువానిపై ఆ మారుపేరుననే దావా వేయవచ్చును. డిక్రీ వచ్చినపుడు అది తగులునది మాత్రము మనిషికే. అప్పిచ్చినవాడు కొట్టులోని సరకును చూచి ఆగిపోడు. ఇల్లు, పొలము, బ్యాంకులోని సొమ్ము, భాండాగారములోని బంగారము అన్నియు వాని కంటికి ఒక్కటే.

కంపెనీ దీనికి భిన్నము. లండనులో సాలమన్ అను బూట్ల వర్తకుడు తన వ్యాపారమును కంపెనీగా మార్చి, 20,007 వాటాలలో 20,001 తానే యుంచుకొనెను. కంపెనీ దివాలా తీయగా ఋణదాతలు అతనిమీదికి రాబోయిరి. వాటాలన్నియు ఒక్కని చేతిలో నున్నను కంపెనీ వేరు, మనిషి వేరు అని 1896లో అచటి ప్రభువుల సభ తీర్పు చెప్పెను. మన దేశమున 2013 నాటి కంపెనీల చట్టము ఒక్క వ్యక్తియే కంపెనీ స్థాపించుకొనుటకును వీలు కల్పించినది. 2008 నాటి చట్టముచే పరిమిత బాధ్యతగల భాగస్వామ్యము ఏర్పడినది. 1932 నాటి పాత భాగస్వామ్యములో మాత్రము ఈ రక్షణ లేదు. ఒక భాగస్వామి చేసిన వ్యాపారపుటప్పునకు మిగిలినవారును పూర్తిగా బాధ్యులే.

అట్లయిన అందరును కంపెనీలే పెట్టవలెనా? అట్లనియు కాదు. కంపెనీకి ఏటేట లెక్కల తనిఖీ, రిజిస్ట్రారునకు పత్రముల సమర్పణ తప్పనిసరి; చిన్న వర్తకునికి ఆ ఖర్చు బరువు. బ్యాంకు అప్పిచ్చునపుడు యజమాని సొంత హామీని అడుగుచుండును. ఆ కాగితముమీద సంతకము చేసిన క్షణమున అడ్డుగోడ అంతమేరకు కూలినట్లే. ఏక యజమాని వ్యాపారము నేడు మొదలిడి రేపు మానుకొనవచ్చును. ఎవరి అనుమతియు అక్కరలేదు, లాభములో వాటా పంచనక్కరలేదు. బట్టలు, బియ్యము అమ్ముకొనువానికి ఇది చాలును. భూమి విషయమున చిక్కు వచ్చుచున్నది.

ఏలయన, చీరలోని చిరుగు నెలలో బయటపడును, దానిని మార్చియిచ్చి ఊరకుండవచ్చును. భూమిలోని చిరుగు ఏండ్లకు గాని బయటపడదు. అమ్మినవాడు తనకు ఆ ఆస్తిపై హక్కున్నదనియు, దానిని అమ్ము అధికారమున్నదనియు మాట యిచ్చినట్లే భావింపవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. అందులకు విరుద్ధమైన ఒప్పందమున్న తప్ప ఈ మాట దస్తావేజులో వ్రాయకున్నను వ్రాసినట్లే. స్థిరాస్తి స్వాధీనమునకై దావా వేయుటకు 1963 నాటి కాలపరిమితి చట్టము పండ్రెండు సంవత్సరముల గడువిచ్చినది. కొన్నవానిని పదియవ యేట ఎవడో వచ్చి వెళ్లగొట్టబోయిన, కొన్నవాడు తిరిగి అమ్మినవానిని వెదకుకొనుచు వచ్చును. అప్పటికి బోర్డు తుప్పుపట్టి యుండవచ్చును, రసీదు పుస్తకములు చెదలు తినియుండవచ్చును. మనిషి యున్నాడు గదా!

అప్పుల సంగతియు ఇట్లే. మన ప్రాంతమున భూమి బేరమునకు చేబదులు తెచ్చుట వాడుక. రెండు రూపాయల వడ్డీ యనగా నెలకు నూటికి రెండు, ఏటికి నూటికి ఇరువదినాలుగు. పది లక్షలు తెచ్చి మూడేండ్లు స్థలము అమ్ముడుపోక నిలిచినచో చక్రవడ్డీ లేకయే ఏడు లక్షల ఇరువది వేలు పెరుగును. ఆ మూడేండ్లును ఖాళీ స్థలము ఒక్క రూపాయి అద్దె తేదు. అప్పిచ్చినవాడు ప్రామిసరీ నోటుతోపాటు సంతకము చేసిన చెక్కును గూడ పుచ్చుకొనును. ఆ చెక్కు చెల్లక తిరిగివచ్చినచో ముద్దాయిగా నిలువవలసినవాడు యజమానియే. అందులకు రెండేండ్ల వరకు శిక్ష గాని, చెక్కు మొత్తమునకు రెట్టింపు వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

డిక్రీదారుడు ముట్టరాని వస్తువులు గూడ కొన్ని కలవు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతిపనివాని పనిముట్లు, సేద్యగాని పరికరములు, మతాచారమునుబట్టి స్త్రీ విడువరాని ఆభరణములు సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము జప్తునకు రావు. వ్యవసాయదారుడు తాను నివసించు ఇంటికి ఆ రక్షణ కలదు. పట్టణపు వర్తకుని ఇంటికి లేదు. నా శిష్యుని మొగము వాడిపోయినది ఈ వాక్యము విన్నపుడే.

“అమ్మ పేరున వ్రాసివేసిన?” అని వాడు మెల్లగా అడిగెను. ఇది వాడొక్కడే అడిగిన ప్రశ్న కాదు. మన ఇండ్లలో నూటికి తొంబదిమంది ఇదియే ఉపాయమనుకొందురు. సక్రమమైన ఆదాయముతో, అప్పులు లేని కాలమున, భార్య పేరున ఇల్లు కొనుటలో దోషము లేదు. అప్పులవాండ్రు వాకిట నిలిచిన తరువాత వారిని ఎగవేయు ఉద్దేశముతో చేసిన బదిలీని ఋణదాతలు రద్దు చేయించవచ్చునని ఆస్తి బదిలీ చట్టము 53వ సెక్షనులో స్పష్టముగా నున్నది. నావంటి ప్రభుత్వోపాధ్యాయులకు 1964 నాటి ప్రవర్తన నియమావళి వ్యాపారమును నిషేధించుచున్నది. అయినను భార్య పేరున స్థలముల వ్యాపారము చేయు మిత్రులు నాకు కొందరు కలరు. యజమాని ఎవరని రేపు కోర్టు అడిగినపుడు ఆ తల్లి నిలువవలసి యుండును, చదువని కాగితములకు జవాబు చెప్పవలసి యుండును. దీనిని వారెవ్వరును ఆలోచించినట్లు నాకు తోచదు.

ఇక ‘ఐ.పి.’ అను మాట. ఫలానావాడు ఐ.పి. పెట్టినాడని రచ్చబండలయొద్ద వినుచుందుము. అది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము క్రింద వేయు దివాలా పిటిషను. దానితో అప్పు మాయమగునని జనులు తలంతురు. నిజమునకు ఆస్తి కోర్టు నియమించిన అధికారి చేతికి పోయి, అప్పులవారికి పంచబడును. తండ్రి అందులకు ఒప్పుకొనలేదు. “నేను మోసము చేయలేదు, మోసపోయితిని. వారి సొమ్ము వారికీయవలెను” అని ఆయన మాట. దావా నడుచుచుండగనే 2016లో ఆయన లింగైక్యము చెందెను.

దినకర్మలు ముగిసిన పిమ్మట శిష్యుడు రెండవమారు వచ్చెను. ఈసారి ప్రశ్న వేరు. తండ్రి అప్పు కొడుకునకు చుట్టుకొనునా?

ఇచ్చట మన సమాజమువారు తెలిసికొనవలసినది ముఖ్యముగా నొకటి కలదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తన 2వ సెక్షనులోనే వీరశైవులను, లింగాయతులను పేర్కొనినది. కాబట్టి మన ఇండ్ల వారసత్వమునకు ఆ చట్టమే ప్రమాణము. పూర్వపు ధర్మశాస్త్రము ప్రకారము తండ్రి ఋణమును తీర్చుట పుత్రునికి పుణ్యధర్మము. కోర్టులు గూడ దానిని అంగీకరించుచుండెడివి. 2005 సెప్టెంబరు 9న అమలులోనికి వచ్చిన సవరణ ఆ తరువాత చేసిన అప్పులకు దానిని తొలగించినది. కొడుకన్న ఒక్క కారణమున కొడుకుపై పడుటకు వీలులేదు. తండ్రి నుండి తన చేతికి వచ్చిన ఆస్తి ఎంతయో అంతవరకే వాడు బాధ్యుడు. వాని సొంత సంపాదన జోలికి రాగూడదు.

శిష్యుడు ఊపిరి పీల్చుకొనెను. “అయితే ఇల్లు దక్కినట్లే. అది తాతగారు కట్టినది, పిత్రార్జితము. అందులో పుట్టుకతోనే నాకు వాటా కలదు” అనెను. ఇదియు అందరికి నుండు నమ్మకమే. తాతగారు 1979లో వీలునామా లేకుండ గతించిరి. ఇల్లు ఆయన స్వార్జితము. ఆయనకు ఒక్కడే కుమారుడు. నాయనమ్మయు తరువాత గతించినది. 1956 తరువాత తండ్రి స్వార్జితము ఇట్లు కుమారునికి వచ్చినచో అది ఆ కుమారుని సొంత ఆస్తియే యగును గాని మనుమనికి పుట్టుకతో వాటా గల ఉమ్మడి ఆస్తి కాదని 1986లో చందర్ సేన్ కేసున సుప్రీము కోర్టు నిర్ణయించినది. తాతయిల్లని మనము పిలుచునదెల్ల చట్టము దృష్టిలో పిత్రార్జితము కాదు. ఆ యిల్లు తండ్రిది. తండ్రి నుండి వచ్చినది. కావున అప్పునకు లోబడినది.

చివరకు కోర్టు తీర్పు వరకు పోక లోక్ అదాలతులో రాజీ కుదిరినది. మంచి దస్తావేజు గల భూమిలో మిగిలియున్న స్థలములను, ఇంటి వెనుకటి ఖాళీ జాగాను అమ్మి అసలు పూర్తిగా, వడ్డీ కొంత తగ్గించి చెల్లించిరి. ఇల్లు నిలిచినది, పెరడు పోయినది. పదునొకండుగురిలో ఇద్దరు మన సమాజమువారే. నేటికిని ఆ యింటికి పండుగకు వచ్చి పోవుచున్నారు. 1987 నాటి చట్టము ప్రకారము లోక్ అదాలతు అవార్డుపై అప్పీలు లేదు, కట్టిన కోర్టు రుసుమును తిరిగి యిత్తురు.

ఇంత చెప్పిన తరువాతను తానొక్కడే ఈ వ్యాపారము చేయుదునను వారుందురు. వారికొరకు మరికొన్ని మాటలు. 2017 మే 1 నుండి పూర్తిగా అమలులోనికి వచ్చిన రెరా చట్టము వ్యక్తి యనియు కంపెనీ యనియు భేదము చూడదు. 500 చదరపు మీటర్లకు మించిన భూమిని స్థలములుగా చేసి అమ్ము ప్రతివాడును ముందుగా నమోదు చేసికొనవలెను. కొనువారి నుండి వచ్చిన సొమ్ములో నూటికి డెబ్బది వంతులు ఆ పని కొరకే వేరు ఖాతాలో నుంచవలెను. కరారును రిజిస్టరు చేయక ధరలో పదవ వంతుకు మించి పుచ్చుకొనరాదు. ఒక చోటి బయానాతో మరియొక చోట భూమి కొను పాత పద్ధతికి అంతటితో చెల్లుచీటి.

కొనునపుడు పత్రములను చూచు పని ఎవరికిని అప్పగింపవలదు. లింకు దస్తావేజులు, ఈ.సి., నిషేధిత జాబితా చూడవలెను. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, కరారు కాగితములతో హక్కు రాదని సూరజ్ ల్యాంప్ కేసున 2011లో సుప్రీము కోర్టు స్పష్టము చేసినది. అమ్మువారి ఇంటి ఆడుబిడ్డల సంతకములును అడుగవలెను. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లోనే, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు, అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమైన హక్కునిచ్చినది. 2005 సవరణ దానిని దేశమంతటికిని, వివాహితలకును విస్తరింపజేసినది. మఠముల, దేవస్థానముల మాన్యములు చౌకగా వచ్చుచున్నవని మధ్యవర్తులు చెప్పిన, దేవాదాయ చట్టము కోరు పూర్వానుమతి లేక అట్టి విక్రయము చెల్లదని తెలిసి వెనుదిరుగవలెను. మన మఠాధిపతులు గూడ దీనిని గమనింతురుగాక.

స్థిరాస్తి బేరమున 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనుట 2015 జూన్ 1 నుండి నిషేధము. 50 లక్షలు గాని అంతకు మించి గాని విలువగల ఆస్తి వ్యవసాయభూమి కానిచో, కొనువాడు నూటికి ఒక రూపాయి పన్ను పట్టుకొని ప్రభుత్వమునకు కట్టవలెను. ఒక్క స్థలము కొని యుంచుకొని యేండ్లకు అమ్మినవానికి మూలధన లాభపు పన్ను. విభజించి వరుసగా అమ్మువానికి వ్యాపారపుటాదాయపు పన్ను. ఈ రెంటి నడుమ గీత ఎచ్చట నున్నదో ఒక్కొక్కని నడవడినిబట్టి అధికారులు నిర్ణయింతురు. 2024 జూలై 23కు పూర్వము కొన్న భూములకు నూటికి పండ్రెండున్నర గాని, ధరల పెరుగుదల తీసివేసి నూటికి ఇరువది గాని, ఏది తక్కువయో దానిని కట్టు సదుపాయము దేశవాసులైన వ్యక్తులకును, ఉమ్మడి కుటుంబములకును కలదు. కంపెనీలకు లేదు.

ఇల్లు గడుచు ఖాతా వేరు, వ్యాపారపు ఖాతా వేరుగా నుంచవలెను. చట్టము రెంటిని ఒక్కటిగనే చూచినను ఎచ్చట ఎంత కూరుకొనిపోయినామో మనకు తెలియుటకు అది అవసరము. దానితోపాటు ఒక పుస్తకము. ఏ సర్వే నంబరున ఎంత భూమి, దస్తావేజు ఎచ్చట నున్నది, ఎవరి బయానా ఎంత, ఎవరికి ఎంత అప్పు, ఏ చెక్కు ఎవరి చేతిలో నున్నది అని యజమాని తన చేతితో వ్రాసి, అది యుండుచోటును ఇంటివారికి చెప్పి యుంచవలెను. నా శిష్యుని తల్లికి భర్త చేసిన నోట్లు నాలుగు కలవని తెలిసినది ఆయన పోయిన పదునాలుగవ దినమున, అప్పిచ్చినవారు వరుసగా వచ్చి వాకిట కూర్చున్నపుడు. వానిలో ఒకటి అప్పటికే తీరిపోయినదట. తీరినదని చూపు కాగితము ఆ యింట ఎవరికిని దొరకలేదు.